కిరీటం లేని జూనో

రబ్బరు స్టాంపును సిరా మెత్త మీద అద్ది కాగితం మీద వేస్తే, ఎన్నిసార్లు వేసినా అదే ముద్ర పడుతుంది. రాగి రేకు మీద గీసిన చిత్రాన్ని అచ్చు తీయడం కూడా ఇలాంటిదేనని మనం అనుకుంటాం. రేకు ఒక్కటే కనుక ప్రతులన్నీ ఒకే తీరుగా ఉండాలి కదా! అయితే 1648లో హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో రెంబ్రాంట్ అనే చిత్రకారుడు చేసిన ఒక ముద్రాచిత్రం సంగతి చూడండి. దీని ప్రతులు ఐరోపా, అమెరికాల్లోని పెద్ద మ్యూజియాలు చాలావాటిలో ఉన్నాయి. కొన్ని ప్రతుల్లో జూనో దేవత తలమీద చిన్న టోపీ లాంటిది ఉంటుంది. మరికొన్నింటిలో ఆమె కిరీటం ధరించి ఉంటుంది. గుడి అదే, పెళ్లి అదే, చుట్టూ చేరిన జనం అదే.

వీటిలో ఏది ముందు అచ్చయింది? ఒక్క కిరీటం కోసం ఇంత ఆరా ఎందుకని మీకు అనిపించవచ్చు. కాని శిలాజాలను పరిశీలించేవారైనా, శాసనాలు చదివేవారైనా మొదట తేల్చుకోవలసినది ఇదే. ముందేదో, వెనకేదో తెలియకుండా చెప్పిన చరిత్ర ఎంత అందంగా ఉన్నా నిలబడదు. ఈ చిత్రం విషయంలో ఆ జవాబు రాగిలో కొంత, ఆమ్లంలో కొంత, కాగితంలో కొంత దాగి ఉంది. మధ్యలో ఒక స్త్రీ కన్నీటి కథ కూడా వస్తుంది. నిజానికి ఇద్దరు స్త్రీల కథ.

మెడియా ఎవరు?

ముందు చిత్రంలోని కథ తెలుసుకుందాం. గ్రీకు పురాణాల్లో జేసన్ అనే వీరుడు బంగారు గొర్రె ఉన్నిని సంపాదించడానికి నల్ల సముద్రం తూర్పు తీరాన ఉన్న కోల్కిస్ రాజ్యానికి ఓడలో వెళతాడు. ఆ ప్రాంతం ఇప్పటి జార్జియా దేశంలో ఉంది. అక్కడి కొండ ప్రాంతాల వారు వాగు నీళ్లలో గొర్రె తోళ్లను ఉంచి, ఉన్నికి చిక్కుకున్న బంగారు రేణువులను ఏరుకునేవారని ప్రాచీన భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. బంగారు ఉన్ని కథ అలా పుట్టి ఉంటుందన్న మాట కూడా ఆయన గ్రంథంలో ఉంది.

కోల్కిస్ రాజు కూతురు మెడియా. ఆమె సూర్యదేవుడి మనవరాలు. మంత్రాలు, మూలికలు తెలిసినది. జేసన్‌ను ప్రేమించి, కన్నతండ్రికే ఎదురుతిరిగి, బంగారు ఉన్ని అతనికి దక్కేటట్టు చేస్తుంది. పుట్టిన దేశాన్ని వదిలి అతని వెంట గ్రీసుకు వచ్చేస్తుంది. ఇద్దరికీ బిడ్డలు కలుగుతారు. కొన్నేళ్లు గడిచి కోరింత్ నగరంలో ఉంటున్నప్పుడు జేసన్ మనసు మారుతుంది. అక్కడి రాజు కూతురు క్రెయూసాను పెళ్లాడితే తనకు హోదా, భద్రత దొరుకుతాయని లెక్క వేసుకుంటాడు. మెడియా పరాయి దేశపు మనిషి, పైగా మంత్రగత్తె కనుక ఊరు విడిచి పొమ్మని రాజు ఆజ్ఞాపిస్తాడు. అప్పుడామె కొత్త పెళ్లికూతురికి విషం పట్టించిన వస్త్రాన్ని కానుకగా పంపుతుంది. దాన్ని ధరించిన క్రెయూసా మంటల్లో మాడిపోతుంది. అంతటితో మెడియా పగ చల్లారదు. జేసన్‌కు వంశం లేకుండా చేయాలని తాను కన్న పిల్లలనే చంపి, సర్పాలు లాగే రథమెక్కి ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

నమ్మి వెంట వచ్చిన భార్యను నిండు సభలో కాదన్న కథ మనకు కొత్త కాదు. శకుంతల కథ మీకు తెలుసు. కాని మన కథలో చివరకు కొడుకు తండ్రిని చేరుకుంటాడు. గ్రీకు కథలో అలాంటి ఊరట ఏదీ లేదు. క్రీ.పూ. 431లో యూరిపిడీస్ ఈ కథను నాటకంగా రాశాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెనెకా మళ్లీ రాశాడు. తరువాత చిత్రకారులు ఎందరో దీన్ని తీసుకున్నారు. వారిలో చాలామందికి నచ్చిన ఘట్టాలు రెండే. ఒకటి పిల్లలను చంపడం, రెండోది సర్పరథం.

ముఖ్యంగా 17వ శతాబ్దపు కళాకారులకు ఇలాంటి ఉద్రిక్త సన్నివేశాలంటే ఇష్టం. ఆ కాలపు కళను బరోక్ కళ అంటారు. వంకర ముత్యం అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. చీకటి వెలుగుల తీవ్రమైన పోరు, మెలికలు తిరిగే శరీరాలు, కథ పతాకస్థాయికి చేరిన క్షణం బరోక్ కళలో తరచు కనిపిస్తాయి. రెంబ్రాంట్ కూడా ఆ కాలపు మనిషే. కాని మెడియా కథలో అతను ఏ రక్తపాతాన్నీ ఎంచుకోలేదు. పెళ్లిని ఎంచుకున్నాడు.

పెళ్లి వెలుగులో, మెడియా నీడలో

చిత్రం పెద్దదేమీ కాదు. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 18 సెంటీమీటర్లు. అంటే మీ నోటుపుస్తకం పేజీ అంత. అందులో ఎత్తయిన స్తంభాలు, కమానులున్న గుడి ఉంది. అది గ్రీకు దేవాలయంలా కాక క్రైస్తవుల చర్చిలా కనిపిస్తుంది. మధ్యలో జేసన్, క్రెయూసా మోకరించి ఉన్నారు. పూజారి పెళ్లి జరిపిస్తున్నాడు. వేదిక మీద నుంచి పొగ లేస్తోంది. వివాహాలకు అధిదేవత అయిన జూనో తన నెమలితో సహా అక్కడ కొలువై ఉంది. వెలుగంతా ఈ తంతు మీదనే పడుతుంది.

ఇప్పుడు కింది భాగంలో కుడివైపు మూలకు రండి. అక్కడ చిక్కటి నీడలో ఒక స్త్రీ ఉంది. నేల మీద జీరాడే పొడవైన వస్త్రం ధరించింది. ఆమే మెడియా. పెళ్లివారిలో ఎవరూ ఆమెను చూడటం లేదు. ఆమెను చూస్తున్నది మనం ఒక్కరమే. ఇంకా ఏ ఘోరమూ జరగలేదు. జరగబోయేది మెడియాకు తెలుసు, కథ చదివిన మనకు తెలుసు. బరోక్ కళలో ఇంత తక్కువ శబ్దంతో ఇంత భయం కలిగించిన చిత్రాలు అరుదని నా అభిప్రాయం.

ఈ చిత్రం ఒక నాటకం కోసం చేసినది. రచయిత పేరు యాన్ సిక్స్. బట్టలకు రంగులు వేసే వ్యాపారంలో స్థిరపడిన సంపన్న కుటుంబం వారిది. 1618లో పుట్టిన సిక్స్ వయసులో రెంబ్రాంట్ కంటె 12 ఏళ్లు చిన్న. కవిత్వమన్నా, పాత గ్రంథాలన్నా, బొమ్మలన్నా అతనికి ప్రాణం. 1647లో కిటికీ దగ్గర నిలబడి చదువుకుంటున్న సిక్స్ చిత్రాన్ని రెంబ్రాంట్ రాగి రేకు మీద చేశాడు. మరుసటి ఏడు, అంటే స్పెయిన్‌తో ఎనభై ఏళ్లపాటు సాగిన యుద్ధం ముగిసి డచ్చివారి స్వాతంత్ర్యాన్ని అందరూ గుర్తించిన 1648లో, సిక్స్ రాసిన ‘మెడియా’ నాటకం అచ్చయింది. తరువాతి కాలంలో అతను ప్రసిద్ధ వైద్యుడు నికోలాస్ టుల్ప్ కుమార్తెను పెళ్లాడాడు. శవపరీక్ష చేస్తూ శిష్యులకు శరీర నిర్మాణం బోధిస్తున్న వైద్యుడి చిత్రం మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఆయనే ఈ టుల్ప్. ఆ చిత్రాన్ని 1632లో వేసినవాడు కూడా రెంబ్రాంటే. సిక్స్ 1691లో ఆమ్‌స్టర్‌డామ్ నగర పాలకుల్లో ఒకడయ్యాడు.

విచిత్రమేమిటంటే, రెంబ్రాంట్ చూపిన పెళ్లి సన్నివేశం సిక్స్ నాటకంలో లేదు. అందులో తెర లేచేసరికే పెళ్లి అయిపోయి ఉంటుంది. అంటే నాటకానికి బొమ్మ వేయమంటే, రెంబ్రాంట్ నాటకం మొదలు కావడానికి ముందు క్షణాన్ని వేశాడన్నమాట.

రాగి కరిగే విధం

ఇక రేకు దగ్గరకు వద్దాం. రెంబ్రాంట్ వాడిన పద్ధతిని ఎచింగ్ అంటారు. లోహం మీద ఆమ్లంతో గీతలు తినిపించే ఈ విద్య మొదట బొమ్మల కోసం పుట్టలేదు. ఐరోపాలో కవచాల మీద నగిషీలు చేసేవారు దీన్ని వాడేవారు. వారి చేతి నుంచి 1500 ప్రాంతంలో ఇది ముద్రాచిత్రాలకు వచ్చింది. మొదట్లో ఇనుప రేకులు వాడేవారు. అవి తుప్పు పట్టడంతో రాగికి మారారు.

పద్ధతి ఇలా ఉంటుంది. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకును వేడిచేసి, తేనెమైనం, చెట్ల జిగురు, తారు వంటి పదార్థం కలిపిన లేపనాన్ని పలుచగా పూస్తారు. కొవ్వొత్తి పొగ పట్టించి దాన్ని నల్లగా చేస్తారు. ఆరిన తరువాత సూదితో బొమ్మ గీస్తారు. సూది లేపనాన్ని మాత్రమే గీకుతుంది. గీకిన చోట ఎర్రటి రాగి బయటపడుతుంది. అందుకే ఎచింగ్‌లో చేయి కాగితం మీద కలం కదిలినంత స్వేచ్ఛగా కదులుతుంది. రెంబ్రాంట్ గీతల్లో కనిపించే చురుకుతనం రహస్యం ఇదే. తరువాత రేకును ఆమ్లంలో ముంచుతారు. బయటపడిన రాగిని ఆమ్లం తింటుంది. లేపనం ఉన్న చోటు సురక్షితం.

ఇక్కడ మీ రసాయన శాస్త్రం పాఠం గుర్తు చేసుకోండి. లోహాల క్రియాశీలత శ్రేణిలో రాగి స్థానం హైడ్రోజన్‌కు దిగువన ఉంటుంది. అందుచేత మామూలు ఆమ్లాల నుంచి రాగి హైడ్రోజన్‌ను తొలగించలేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాగి ముక్క వేస్తే చర్య కనిపించదు. నత్రికామ్లం సంగతి వేరు. అది బలమైన ఆక్సీకరణి. రాగి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ద్రావణం నీలంగా మారుతుంది, గీతల్లో బుడగలు లేస్తాయి. పైకి వచ్చే గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్, విషవాయువు. బుడగలు గీతలో నిలిచిపోతే అక్కడ ఆమ్లం సరిగా తాకదు, గీత ముక్కలవుతుంది. అందుకని పనివారు పక్షి ఈకతో బుడగలను మెల్లగా తుడిచేవారు.

ఇంతకంటె నెమ్మదైన పద్ధతి ఒకటుండేది. 1645లో పారిస్‌లో అబ్రహామ్ బోస్ అనే కళాకారుడు ఈ విద్య గురించి ప్రచురించిన గ్రంథంలో సిర్కా, మామూలు ఉప్పు, నవాసాగరం, చిలుము కలిపి చేసే ద్రావణం వివరం ఉంది. సిర్కా బలహీనమైన ఆమ్లం కదా, అది రాగిని ఎలా తింటుంది? అసలు పని చేసేది చిలుము. అందులోని రాగి అయాన్లు లోహపు రాగి నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి. ఉప్పు, నవాసాగరం ఇచ్చే క్లోరైడ్ అయాన్లు అలా ఏర్పడిన రాగిని ద్రావణంలో నిలిపి ఉంచుతాయి. అంటే రాగిని రాగే కరిగిస్తుందన్నమాట. అయాను అన్న ఊహ కూడా పుట్టని రోజుల్లో, కేవలం చూసి, రుచి చూసి, తప్పులు దిద్దుకుని ఇంత సూక్ష్మమైన ద్రావణాన్ని తయారు చేసుకున్నారు. మన రేడియోల్లో, కంప్యూటర్లలో ఉండే సర్క్యూట్ బోర్డుల మీద రాగి దారులను ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినిపించడం కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది.

ఎంతసేపు ముంచితే గీత అంత లోతు. లోతైన గీతలో ఎక్కువ సిరా నిలుస్తుంది, కాగితం మీద అంత నల్లగా పడుతుంది. లేత గీతలు తినగానే రేకును బయటికి తీసి, వాటి మీద లేపనం పూసి, మిగతా వాటిని మళ్లీ ముంచవచ్చు. ఇది కాక రెంబ్రాంట్ మరో పని చేసేవాడు. ఆమ్లం లేకుండా నేరుగా సూదితోనే రాగిని గీకేవాడు. దీన్ని డ్రైపాయింట్ అంటారు. నాగలి సాలు పక్కన మట్టి లేచినట్టు సూది గీత పక్కన రాగి అంచు లేస్తుంది. ఆ గరుకు అంచు సిరాను పట్టుకుని మఖమల్ లాంటి మెత్తటి నలుపును ఇస్తుంది. మెడియా చిత్రంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి.

అచ్చు తీసేటప్పుడు రేకంతా సిరా పులిమి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో సిరా మిగులుతుంది. తడిపిన కాగితాన్ని రేకు మీద పరచి, పైన మెత్తటి ఉన్ని గుడ్డ వేసి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కిస్తారు. కాగితం గీతల్లోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. మన రాజుల తామ్ర శాసనాలూ రాగి రేకులే, కాని వాటిని చదవవలసింది రేకు మీదనే. ఇక్కడ రేకును ఎవరూ చూడరు. దాని ప్రతిబింబాన్ని చూస్తారు.

ప్రతిబింబం అన్నది ఊరికే వాడిన మాట కాదు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. మనకు కుడి మూలలో కనిపించే మెడియా రాగి మీద ఎడమ మూలలో ఉండేది. 1650లో రెంబ్రాంట్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో దొరికే ఒక శంఖు జాతి గవ్వను ఎచింగ్ చేశాడు. సంతకాన్ని రేకు మీద తిరగేసి రాశాడు కనుక అది కాగితం మీద సరిగానే పడింది. గవ్వను మాత్రం చూసింది చూసినట్టు గీశాడు. దాంతో సహజంగా కుడివైపు చుట్టు తిరిగే గవ్వ అచ్చులో ఎడమవైపు తిరిగింది! జంతుశాస్త్రం చదివేవారు ఆ బొమ్మను చూడగానే ఇది పట్టుకుంటారు.

ముందు వెనకలు తేలిన తీరు

ఇప్పుడు కిరీటం ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. రాగి రేకు మీద కొత్త గీత చేర్చడం సులభం. ఉన్న గీతను తీసేయడం కష్టం. తీయాలంటే ఆ చోటును గీకి, రుద్ది, పల్లం పడితే వెనకనుంచి సుత్తితో కొట్టి మళ్లీ మట్టం చేయాలి. ఇంత చేసినా పాత గీతల ఆనవాళ్లు తరచు మిగులుతాయి. ఇది మొదటి ఆధారం. రెండోది అరుగుదల. అచ్చు యంత్రంలోంచి వెళ్లిన ప్రతిసారీ, సిరా తుడిచిన ప్రతిసారీ రాగి కాస్త అరుగుతుంది. డ్రైపాయింట్ అంచులు మరీ త్వరగా, కొద్ది డజన్ల ప్రతులకే నలిగిపోతాయి. కాబట్టి మఖమల్ నలుపు నిండుగా ఉన్న ప్రతి ముందుది, పలచబడినది తరువాతిది. ఒక విధంగా చెప్పాలంటే రేకు ఒక గడియారం.

ఇలా ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చిన నిపుణులు మెడియా రేకుకు అయిదు దశలను గుర్తించారు. తొలి దశల్లో జూనోకు కిరీటం లేదు. తరువాత రెంబ్రాంట్ కిరీటం చేర్చాడు. ఆపైన చిత్రం కింది అంచులో సిక్స్ పద్యాన్నీ, తన పేరునూ, 1648 అన్న సంవత్సరాన్నీ చేర్చాడు. అన్యాయానికి గురైన మెడియా పగ గురించీ, నమ్మకద్రోహానికి చెల్లించవలసి వచ్చే మూల్యం గురించీ ఆ పద్యం చెబుతుంది. ఆఖరి దశలో పద్యమున్న అడుగు పట్టీని రేకు నుంచి కత్తిరించేశారు. అప్పటినుంచి తీసిన ప్రతుల్లో చిత్రం ఒక్కటే మిగిలింది.

కిరీటం ఎందుకు చేర్చినట్టు? రెంబ్రాంట్ చనిపోయిన 49 ఏళ్లకు, 1718లో, ఆర్నాల్డ్ హౌబ్రాకెన్ అనే రచయిత డచ్చి చిత్రకారుల జీవిత చరిత్రలు ప్రచురించాడు. రెంబ్రాంట్ రేకుల మీద చిన్న చిన్న మార్పులు చేసి, అదే చిత్రాన్ని మళ్లీ మళ్లీ అమ్ముకునేవాడని అందులో ఎత్తిపొడిచాడు. కిరీటమున్న జూనో, కిరీటం లేని జూనో రెండూ దగ్గర లేనివాడు అసలైన కళాభిమాని కాడన్నంతగా జనానికి పిచ్చి పట్టిందని ఎగతాళి చేశాడు. తపాలా బిళ్లలు పోగుచేసేవారికి ఈ పిచ్చి బాగా అర్థమవుతుంది!

హౌబ్రాకెన్ మాటలో కొంత నిజం ఉండవచ్చు. రెంబ్రాంట్‌కు డబ్బు అవసరం ఎప్పుడూ ఉండేది. 1639లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొని, ఆ అప్పు తీర్చలేక 1656లో దివాలా తీశాడు. కాని నాకు మరో కారణం కనిపిస్తుంది. టోపీతో ఉన్న జూనో ఎవరో సామాన్య స్త్రీలా ఉంటుంది. కిరీటంతో ఆమె దేవతల రాణి అవుతుంది. ఎదుట జరుగుతున్న ఈ పెళ్లికి ఆమె సాక్షి, పెళ్లినాటి ప్రమాణాలను కాపాడవలసిన దేవత. జేసన్ మొదటి భార్యకు ఇచ్చిన మాట ఆమె కళ్లముందే మంటగలుస్తోంది. ఆ తలమీద కిరీటం పెట్టగానే అన్యాయం బరువు పెరుగుతుంది.

కాగితం చెప్పే సాక్ష్యం

అచ్చులు ఎప్పటివో చెప్పడానికి రేకు ఒక్కటే చాలదు. కాగితాన్ని కూడా అడగాలి. ఆ కాలంలో కాగితం చేతితో తయారయ్యేది. గుడ్డపీలికల గుజ్జును తీగల జల్లెడతో ఎత్తితే నీరు కారిపోయి పొర మిగిలేది. తయారీదారు జల్లెడ మీద తీగతో తన గుర్తు కుట్టుకునేవాడు. ఆ చోట కాగితం పలచబడి, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే గుర్తు కనిపిస్తుంది. ఇదే నీటిగుర్తు. రెంబ్రాంట్ వాడిన కాగితాల మీద తరచు కనిపించే గుర్తుల్లో ఒకటి గంటలు వేలాడే విదూషకుడి టోపీ. దాన్ని ఇంగ్లీషులో ఫూల్స్ క్యాప్ అంటారు. మీరు పరీక్షలు రాసే ఫుల్‌స్కేప్ కాగితానికి ఆ పేరు ఈ టోపీ నుంచే వచ్చింది.

జల్లెడ వాడుతున్నకొద్దీ తీగ వంగుతుంది, కదులుతుంది. అందుచేత రెండు కాగితాల మీది గుర్తులు తీగ తీగకూ సరిపోతే అవి ఒకే జల్లెడ నుంచి, ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయని చెప్పవచ్చు. చిత్రం సిరా అడ్డువచ్చి గుర్తు కంటికి కనపడకపోతే ఎక్స్ కిరణాలు సాయం చేస్తాయి. కార్బన్-14 కలిపిన పలుచటి ప్లాస్టిక్ రేకును కాగితం ఒక పక్క, ఫిల్మును మరో పక్క పెట్టే పద్ధతి కూడా ఉంది. కార్బన్-14 నుంచి వెలువడే బీటా కణాలు కాగితం పలచగా ఉన్న చోట ఎక్కువగా దూసుకువెళతాయి. సిరాను అవి దాదాపు పట్టించుకోవు. ఫిల్ము మీద బొమ్మ మాయమై నీటిగుర్తు మిగులుతుంది. డచ్చి పరిశోధకుడు ఎరిక్ హింటర్‌డింగ్ ఇలాంటి ఆధారాలతో రెంబ్రాంట్ ముద్రణల కాలక్రమాన్ని పరిశీలించి 2006లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. తరువాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈ నీటిగుర్తులను గుర్తుపట్టే పద్ధతిని విద్యార్థులే పాలుపంచుకుని రూపొందించారు.

1647 ప్రాంతం నుంచి రెంబ్రాంట్ జపాను కాగితం కూడా వాడాడు. పసుపు ఛాయతో నున్నగా ఉండే ఆ కాగితం సిరాను సుకుమారంగా పీలుస్తుంది, రేకును తక్కువ అరగదీస్తుంది. దాన్ని తెచ్చింది డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు. మన మచిలీపట్నం, పులికాట్ రేవుల నుంచి అద్దకపు బట్టలు ఎక్కించుకున్నది కూడా ఈ కంపెనీ ఓడలే. 1656 నుంచి 1661 మధ్య కాలంలో రెంబ్రాంట్ ఈ జపాను కాగితం మీద మొగలు సూక్ష్మచిత్రాలను చూసి ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. జహంగీరు, షాజహానులు వాటిలో ఉన్నారు. చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దల మొగలు చిత్రం అతని 1656 నాటి ఎచింగ్ ఒకదానికి ఆధారమయింది. ఆగ్రా దర్బారు చిత్రకారుడి కూర్పు ఆమ్‌స్టర్‌డామ్‌లో బైబిలు కథగా మారిందన్నమాట.

ఇంట్లోని మెడియా

ఇక రెండో స్త్రీ కథ. రెంబ్రాంట్ భార్య సాస్కియా 1642లో చనిపోయింది. అప్పటికి కొడుకు టైటస్‌కు ఏడాది కూడా నిండలేదు. పిల్లవాణ్ని పెంచడానికి గేర్చె డిర్క్స్ అనే వితంతువు ఇంట్లో చేరింది. కొంతకాలానికి ఆమెకూ రెంబ్రాంట్‌కూ సంబంధం ఏర్పడింది. 1648 జనవరిలో ఆమె తన ఆస్తిని టైటస్‌కు రాస్తూ వీలునామా చేసింది. ఇంతలో హెండ్రికియె అనే పడుచు పిల్ల పనిమనిషిగా ఆ ఇంటికి వచ్చింది. 1649లో గేర్చె ఇల్లు వదలవలసి వచ్చింది. పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి తప్పాడని ఆమె రెంబ్రాంట్ మీద కోర్టుకెక్కింది. ఏటా 200 గిల్డర్లు మనోవర్తి చెల్లించమని తీర్పు వచ్చింది. సాస్కియా నగలను గేర్చె తాకట్టు పెట్టడంతో వ్యవహారం ముదిరింది. 1650లో ఆమెను గౌడా పట్టణంలో స్త్రీలను నిర్బంధించే గృహానికి పంపించారు. దీని వెనక రెంబ్రాంట్ చేయి ఉంది. ఆమె 1655 దాకా బయటికి రాలేకపోయింది.

కొత్త స్త్రీ కోసం పాత స్త్రీని పక్కకు నెట్టిన ఇల్లు, అదే ఇంట్లో మెడియా చిత్రం! ఈ రెంటినీ కలపాలని ఎవరికైనా చేయి దురద పుడుతుంది. చిత్రకారుడు తన నేరాన్నే రాగి మీద ఒప్పుకున్నాడని రాస్తే కథ ఎంతో రక్తి కడుతుంది. కాని తేదీలు చూడండి. చిత్రం 1648. ఆ సంవత్సరం మొదట్లో గేర్చె ఆ ఇంటి బిడ్డకే ఆస్తి రాసింది. కోర్టు గొడవ 1649, నిర్బంధం 1650. మెడియాను నీడలో నిలబెట్టిన నాటికి ఆ తగవు కోర్టుకు రాలేదు. పైగా కథను ఎంచుకున్నవాడు సిక్స్. కిరీటం కంటె టోపీ ముందని తేల్చిన తర్కమే ఇక్కడ కూడా వర్తిస్తుంది. తరువాత జరిగినదాన్ని ముందున్నదానికి కారణంగా చెప్పలేం. చెప్పగలిగింది ఒక్కటి. వదిలివేసిన స్త్రీ పక్షాన నిలబడి ఇంత లోతుగా చూడగలిగిన మనిషి, ఏడాది తిరిగేసరికి సొంత ఇంట్లో జేసన్‌లాగే నడుచుకున్నాడు. ఆ చిత్రాన్ని మెచ్చుకునేటప్పుడు గౌడాలోని ఆ గదిని మరచిపోవడం నాకు సాధ్యం కావడం లేదు.

సిక్స్ స్నేహం మరికొన్నేళ్లు సాగింది. 1653లో అతను రెంబ్రాంట్‌కు 1,000 గిల్డర్లు అప్పిచ్చాడు. 1654లో రెంబ్రాంట్ వేసిన సిక్స్ తైలవర్ణ చిత్రం అతని గొప్ప చిత్రాల్లో ఒకటిగా పేరుపొందింది. ముద్రాచిత్రాల విషయానికొస్తే, 1751లో పారిస్‌లో జెర్సాన్ పేరుతో రెంబ్రాంట్ ఎచింగుల పట్టిక వెలువడింది. ఒక చిత్రకారుడి ముద్రాచిత్రాలన్నిటినీ వర్ణించిన మొదటి పట్టిక అది. 1797లో వియన్నాకు చెందిన ఆడమ్ బార్ట్ష్ వాటికి వరుస సంఖ్యలిచ్చాడు. మెడియా సంఖ్య 112. ఇప్పటికీ మ్యూజియాలు ఆ సంఖ్యను వాడుతున్నాయి.

ఈ చిత్రం నకలు ఎప్పుడైనా మీ కంటబడితే ముందు అడుగు అంచు చూడండి. అక్కడ పద్యం ఉంటే అది నాటకం నాటి ప్రతి. పద్యం లేకపోతే వెంటనే జూనో తలమీదికి పోండి. కిరీటం లేకపోతే అది తొలి ప్రతుల్లో ఒకటి. కిరీటం ఉండి పద్యం లేదంటే చిక్కు. అది పద్యం చేరడానికి ముందుదైనా కావచ్చు, పట్టీ కత్తిరించిన తరువాతిదైనా కావచ్చు. అప్పుడు కుడి మూలలోని మెడియా దగ్గరకు వచ్చి, ఆమె చుట్టూ ఉన్న నలుపు ఇంకా మఖమల్‌లా ఉందో, వెలిసిపోయిందో చూడాలి.